రక్తపిశాచికి ఎండ పడదని ఎవరు చెప్పారు?

ఈ మధ్య ఒక మెసేజి నన్ను అన్ని వైపుల నుంచీ తరుముతోంది. పదో తరగతి మిత్రుల గ్రూపులో వచ్చింది. తిరుపతిలో మా కాలనీ సంక్షేమ సంఘం గ్రూపులో, నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందన్న ప్రశ్నకీ జవాబుకీ మధ్య వచ్చింది. చిత్తూరులో ఉండే మా బావగారు పొద్దున్నే శ్రీవారి ఫొటోతో పాటు దాన్నీ పంపారు. ‘డ్రాకులా వెనుక దాగిన నిజం, ప్రతి భారతీయుడూ చదవాలి’ అని ఎర్ర అక్షరాలు, మధ్యలో కోరలున్న ముఖం, కింద దండం పెట్టే చేతులు. మొదట నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకునే ఓపిక లేదు.

ఇంకా అందని అదృష్టవంతుల కోసం దాని సారాంశం: డ్రాకులా కథ మన బేతాళుడి నుంచి ఆంగ్లేయులు దొంగిలించినది. అసలు డ్రాకులా ప్రజల రక్తం తాగిన ఒక రాజు. రక్తపిశాచి అంటే అనాదిగా నల్ల దుప్పటి, కోరలు, భయం. నిన్నమొన్న హాలీవుడ్ వాళ్ళు దాన్ని ప్రేమికుడిగా మార్చి మన ఆడపిల్లల మనసు పాడుచేశారు. ఎండ తగిలితే అది బూడిదవుతుందని పూర్వులకు తెలుసు, ఇప్పుడు సైన్సు కూడా ఒప్పుకుంది: అది పోర్ఫిరియా అనే జబ్బు, ఆ జబ్బున్నవాళ్ళు ఎండలోకి రాలేరు, రక్తం కోసం తపిస్తారు, కాబట్టి మీ చుట్టుపక్కల ఎండంటే భయపడేవాళ్ళు ఉంటే జాగ్రత్త. గబ్బిలాలను తరిమేయండి. గుమ్మానికి వెల్లుల్లి కట్టండి. పదకొండు మందికి పంపండి.

గబ్బిలాల సంగతి ముందు తేల్చేస్తాను. రక్తం తాగే గబ్బిలాలు మెక్సికో నుంచి దక్షిణ అమెరికా వరకే ఉన్నాయి. మన ఊళ్ళలో పెద్ద చెట్లకు వేలాడేవి పళ్ళు తింటాయి, సందుల్లో తిరిగే చిన్నవి పురుగులను తింటాయి. వాటిని తరిమితే మిగిలేది దోమలే.

వెల్లుల్లి మాత్రం నిజంగానే పాత నమ్మకం. తూర్పు యూరప్ పల్లెల్లో అది ఉండేది. కట్టుకునేవాళ్ళు ధర చూసుకుని కట్టుకోండి.

ఇక బేతాళుడు. చందమామ చదివి పెరిగిన తరం కూడా ఈ మాటకి చప్పట్లు కొడుతోందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. బేతాళుడు ఎవరి మెడ కొరికాడండీ? శవంలో దూరి, రాజు భుజమెక్కి, కథ చెప్పి, చిక్కుప్రశ్న వేసి, జవాబు రాగానే శవంతో సహా మాయమై చెట్టెక్కేవాడు. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో చెప్పిన బేతాళుడిదీ అదే పని. చివరికి రాజు ప్రాణం దక్కే ఉపాయం చెప్పినవాడు కూడా అతడే. రాజును బలివ్వాలని కాచుకు కూర్చున్నవాడు పిశాచం కాదు, భిక్షువు వేషం వేసుకున్న మనిషి. కౌంట్ డ్రాకులా నవల మొత్తంలో ఎవరికీ ఒక్క ధర్మసందేహం కూడా పెట్టలేదు.

అయితే ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. మెసేజి రాసిన మహానుభావుడికి తెలియని సంగతిని అతడి తరఫున నేనే చెబుతున్నాను. 1870లో రిచర్డ్ బర్టన్ అనే ఆంగ్లేయుడు బేతాళ కథల్లో కొన్నింటిని తన చిత్తం వచ్చినట్టు తిరగరాసి లండన్‌లో అచ్చువేయించాడు. పుస్తకం పేరులోనే బేతాళుణ్ణి వాంపైర్‌ని, అంటే రక్తపిశాచిని, చేసేశాడు. డ్రాకులా నవల రాసిన బ్రామ్ స్టోకర్ ఈ బర్టన్‌ను స్వయంగా ఎరుగును. ఆయన నవ్వితే పై పెదవి లేచి కోరపన్ను కనబడేదని 1906లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు కూడా. డ్రాకులా కోరకి బర్టన్ పన్ను ఎంతో కొంత అరువిచ్చి ఉండవచ్చు. కాబట్టి మనవాళ్ళ వాదనకి ఒక పన్నంత ఆధారం ఉంది. దొంగతనం కేసు పెట్టడానికి అది చాలదు.

రాజు విషయం. మూడో వ్లాద్ పదిహేనో శతాబ్దంలో ఇప్పటి రుమేనియాలో ఉన్న వలాకియాను ఏలాడు, శత్రువులను కొరత వేయించాడు. క్రూరుడన్నది నిజం. కానీ బతికున్న కాలంలో అతణ్ణి ఎవరూ రక్తపిశాచి అనలేదు. 1890లో స్టోకర్ విట్బీ అనే సముద్రతీరపు ఊళ్ళో ఉన్నప్పుడు అక్కడి గ్రంథాలయంలో వలాకియా గురించిన ఒక పాత పుస్తకం తిరగేశాడు. అందులో డ్రాకులా అనే పేరు కనబడింది. అప్పటికి అతడి చిత్తుప్రతిలో ఆ పాత్ర పేరు కౌంట్ వాంపైర్. దొరికిన పేరు బాగుందని పెట్టుకున్నాడు. నవల ఆసాంతం వెతికినా ఎవరినైనా కొరత వేసిన ముచ్చట లేదు. రాజునీ పిశాచాన్నీ ఒకటి చేసి జనం నోళ్ళలో నానేలా చేసింది 1972లో ఇద్దరు ప్రొఫెసర్లు అమెరికాలో వేసిన ఒక పుస్తకం. ఆ తర్వాత మిగతా పని రుమేనియా పర్యాటక వ్యాపారం చూసుకుంది. తిరుపతిలో ఉండేవాళ్ళకి బోడిగుండ్లు కొత్త కాదు గానీ, దాన్ని మోకాలికి ముడివేసే పని ఇంత శ్రద్ధగా చేసినవాళ్ళను నేను చూడలేదు.

‘అనాదిగా నల్ల దుప్పటి, కోరలు’ అన్న ముక్క దగ్గర కాస్త ఆగాలి.

1725లో సెర్బియాలోని కిసిల్యెవో అనే పల్లెలో ఒక రైతు చనిపోయాడు. పేరు పేటర్ బ్లగోయెవిచ్. ఎనిమిది రోజుల్లో మరో తొమ్మిది మంది పోయారు. అతడు నిద్రలో తమ మీదికెక్కి పీక నులిమాడని వాళ్ళు చనిపోయే ముందు చెప్పారట. మెడ కొరికాడని కాదు, నులిమాడని. అతడి భార్య చెప్పింది ఇంకా ముచ్చటగా ఉంది: రాత్రి ఇంటికి వచ్చి తన చెప్పులు ఇమ్మని అడిగాడట. ఆ ప్రాంతం అప్పుడు ఆస్ట్రియా ఏలుబడిలో ఉంది కాబట్టి ఒక అధికారి దగ్గరుండి సమాధి తవ్వించి నివేదిక రాశాడు, అది వియన్నా పత్రికలో అచ్చయింది. పల్లెజనం భయపడిన పిశాచం అది: కోటలు లేవు, దుప్పట్లు లేవు, చెప్పుల కోసం ఇంటికొచ్చిన ఒక ఊరి మనిషి. శవం ఉబ్బి, ఎర్రబారి, నోటి దగ్గర రక్తంతో ఉండేది. పాలిపోయిన ముఖం కాదు. శవం కుళ్ళేటప్పుడు లోపల వాయువులు పుట్టి రక్తంలాంటి ద్రవం పైకి తోసుకొస్తుందని ఇప్పుడు ఏ వైద్య విద్యార్థిని అడిగినా చెబుతారు.

ఆ రైతు దొరగా ఎప్పుడు మారాడు? 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున, చలికీ వానకీ బయటికి కదల్లేక, కవి బైరన్ బృందం దయ్యాల కథలు రాయాలని పందెం వేసుకుంది. ఫ్రాంకెన్‌స్టైన్ పుట్టింది అక్కడే. బైరన్ వెంట ఉన్న కుర్ర వైద్యుడు జాన్ పోలిడోరి ఆ ముచ్చట్లలో నుంచి ఒక కథ రాశాడు. అందులో రక్తపిశాచి లార్డ్ రూథ్‌వెన్, లండన్ విందుల్లో తిరిగే పెద్దమనిషి, ఆడవాళ్ళను వలలో వేసుకుని నాశనం చేసేవాడు. అచ్చం బైరన్ లాంటివాడు! 1819లో ఆ కథను వేసిన పత్రిక బైరనే రాశాడని ప్రకటించుకుంది. తప్పుడు పేరుతో చలామణీ చేయడం వాట్సాప్ కనిపెట్టింది కాదన్నమాట.

ఊరి ఆడపిల్లల మీద పడే దొర అన్న భయం మనకి మాత్రం కొత్తదా? ఏటా మే నెలలో మన ఊళ్ళో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. ఆ కథలో పాలెగాడు చేసేది అదే కదా. గంగమ్మకి భయపడి దాక్కున్నవాడు, ఆమె దొర వేషం కట్టి వస్తే, నిజంగానే దొర వచ్చాడనుకుని బయటికి వచ్చి చచ్చాడు. మెసేజి రాసినవాడికి డ్రాకులాకి మన గడ్డ మీద పోలిక కావాలంటే బేతాళుడి చెట్టు దాకా పోనక్కర్లేదు, ఈ పాలెగాడు చాలు. పోలిక అన్నాను, దొంగతనం అనలేదు. ఎక్కడ దొరతనం ఉంటే అక్కడ జనం అలాంటి కథ కట్టుకుంటారు.

దుప్పటి నాటకం వాళ్ళది. స్టోకర్ రాసిన డ్రాకులా తెల్లటి పొడుగు మీసాలున్న ముసలివాడు. అరచేతుల్లో వెంట్రుకలు, నోరు దుర్వాసన. రక్తం తాగేకొద్దీ పడుచువాడవుతాడు. ఆ మీసాలతో, ఆ కంపుతో అతణ్ణి రంగస్థలం మీద డ్రాయింగు రూములోకి ఎవరు రానిస్తారు? అందుకే 1924లో ఇంగ్లండులో హామిల్టన్ డీన్ నాటకం వేసినప్పుడు అతడికి విందు దుస్తులు తొడిగారు. నిలువెత్తు కాలరున్న దుప్పటి వల్ల ఇంకో సౌకర్యం: నటుడు వేదికలోని తలుపు గుండా కిందికి జారిపోయేటప్పుడు జనానికి తల కనబడదు. మన జానపద నాటకాలవాళ్ళకి ఇలాంటి తెలివి కొత్త కాదు. 1931లో బేలా లుగోసి అదే వేషంతో సినిమాకి వచ్చాడు. ఆ సినిమాలో అతడి కోరలు ఒక్కసారైనా కనబడవు. చూసినవాళ్ళను అడగండి, కనబడ్డాయనే చెబుతారు. 1958లో క్రిస్టఫర్ లీ రంగుల్లో, ఎర్రటి రక్తంతో, పొడుచుకొచ్చిన కోరలతో వచ్చాక ఆ బొమ్మ స్థిరపడిపోయింది. మీ మెసేజిలో ఉన్న అనాది ముఖం వయసు మా బావగారి వయసంత కూడా ఉండదు.

ప్రేమికుడు అన్న ఆరోపణకి పోలిడోరి కథతోనే సగం జవాబు అయిపోయింది. మిగతా సగం: అంతకుముందే, 1797లో, జర్మన్ మహాకవి గోథే చచ్చి లేచిన పెళ్ళికూతురు ప్రియుణ్ణి వెతుక్కుంటూ వచ్చే కవిత రాశాడు. 1872లో పుస్తకంగా వచ్చిన షెరిడన్ లెఫాను కథ కార్మిల్లాలో పిశాచం ఒక యువతి, ఆమె మనసు పడింది ఇంకో యువతి మీద. ఇవన్నీ డ్రాకులా కంటే ముందువే. అంటే ప్రేమ తర్వాత అతికించిన తోక కాదు, సాహిత్యంలో రక్తపిశాచి మొదటి అడుగుల్లోనే ఉంది. స్టోకర్ దాన్ని తిరిగి భయం వైపు లాగాడు, తర్వాతివాళ్ళు మళ్ళీ ఇటు లాగారు.

మధ్యలో జరిగిన అసలు మార్పు వేరు, దాని గురించి మెసేజిలో మాట లేదు. 1976లో ఆన్ రైస్ నవలలో మొట్టమొదటి నుంచీ కథ చెప్పేది పిశాచమే. అంతవరకూ పాఠకుడు ఎక్కువగా వేటాడేవాళ్ళ పక్షాన ఉండేవాడు. ఇప్పుడు చావులేని బతుకులోని విసుగునీ దుఃఖాన్నీ పిశాచం నోట వింటాడు. ఆ రచయిత్రి కూతురు ఐదేళ్ళ వయసులో రక్త క్యాన్సరుతో 1972లో పోయింది. ఆమె నవలలో ఎన్నటికీ పెద్దది కాని ఒక పసిపిల్ల పిశాచం ఉంటుంది. ఇది తెలిసి ఆ పేజీలు చదివితే హాలీవుడ్ కుట్ర అనడానికి నోరు రాదు. 2005లో మొదలైన ట్వైలైట్ నవలల్లో పిశాచి కుర్రవాడు ఎండలో వజ్రంలా మెరిశాడన్నది మీ కోపమైతే, సరే, నాకూ రుచించలేదు. రుచించకపోవడం వేరు, పిల్లలు చెడిపోయారనడం వేరు. మా వీధి ఆడపిల్లల మనసులు పాడుచేసే శక్తి ఆ పుస్తకాలకుంటే, ఎంసెట్ పుస్తకాలకి ముందు ఉండాలి.

ఇక ఎండ. నేను అసలు రాయడానికి కూర్చున్నది దీని కోసం.

1897 నవలలో డ్రాకులా పట్టపగలు లండన్‌లోని పికడిల్లీ వీధిలో నిలబడి ఒక అందగత్తె వైపు చూస్తుంటాడు. అంతకుముందు అతడి కోటలో చిక్కి బయటపడ్డ జోనథన్ అతణ్ణి గుర్తుపట్టి వణికిపోతాడు. పగలు అతడి శక్తులు తగ్గుతాయి, అంతే. కార్మిల్లా మధ్యాహ్నం దాటాక లేచి షికారుకి వచ్చేది. చివరికి డ్రాకులాను చంపింది ఎండ కాదు. అది సూర్యాస్తమయ వేళ. గొంతు కోసింది ఒక కుక్రీ, గుండెలో దిగింది మరో కత్తి. గూర్ఖాల కత్తితో చచ్చాడన్న సంగతి ఇంత దేశభక్తి గల మెసేజిలో ఎందుకు రాలేదో నాకు అంతుబట్టదు.

పిశాచం ఎండకి మాయం కావడం 1922లో వచ్చింది. జర్మనీలో మూర్నావ్ అనే దర్శకుడు డ్రాకులా నవలను హక్కులు కొనకుండా, పేర్లు మార్చి నోస్ఫెరాటు అనే సినిమాగా తీశాడు. చివరి ఘట్టంలో పొద్దు పొడిచి వెలుగు పడగానే కౌంట్ ఓర్లాక్ కరిగిపోతాడు, నేల మీద కాస్త పొగ మిగులుతుంది. స్టోకర్ భార్య దావా వేసి గెలిచింది, 1925లో ప్రతులన్నీ నాశనం చేయమని కోర్టు తీర్పు. కొన్ని ప్రతులు ఎలాగో మిగిలాయి. ఆ మిగిలినవాటితో పాటు ఎండ నియమమూ బతికింది. తర్వాత చాలా సినిమాలు దాన్ని శాస్త్రంలా పాటించాయి.

ఇప్పుడు మెసేజిలోని సైన్సు చూడండి. 1985లో డేవిడ్ డాల్ఫిన్ అనే కెనడా జీవరసాయన శాస్త్రవేత్త రక్తపిశాచాల కథలకి పోర్ఫిరియా జబ్బు మూలం కావచ్చని ఒక ఊహ చెప్పాడు. ఎండకి చర్మం పాడవుతుంది, కాబట్టి రాత్రిళ్ళు తిరిగేవాళ్ళు, కాబట్టి రక్తం కోరేవాళ్ళు అని. పత్రికలు ఎగిరి పట్టుకున్నాయి. ఎండకి బూడిదయ్యే పిశాచం సినిమాతో పుడితే, దాన్ని చూసి జబ్బు వెతికి, ఆ జబ్బును రెండు వందల ఏళ్ళు వెనక్కి తీసుకెళ్ళి సెర్బియా రైతు నెత్తిన పెట్టడమన్నమాట. అతడి శవం బతికున్నవాడిలా తాజాగా, నోట్లో రక్తంతో ఉందని నివేదిక చెబుతుంటే!

రక్తం సంగతీ అంతే. మన రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ తయారయ్యే వరుసలో ఎక్కడో ఒక మెట్టు దగ్గర లోపం ఉంటే పోర్ఫిరియా వస్తుంది. అది ఒక జబ్బు కాదు, కొన్ని జబ్బుల గుంపు. అందులో కొన్నింటికి ఎండతో సంబంధమే లేదు, భరించలేని కడుపునొప్పితో ఆసుపత్రికి వస్తారు. పళ్ళు ఎర్రబారే రకం అరుదైనవాటిలోకెల్లా అరుదు. వీళ్ళెవరికీ రక్తం తాగాలని అనిపించదు, తాగినా ఉపయోగం లేదు, కడుపులో అరిగిపోతుంది. తీవ్రంగా వచ్చినప్పుడు అవసరమైనవాళ్ళకి హీమిన్ మందును నరంలోకి ఎక్కిస్తారు. ఇది దంతాల పని కాదు, సూది పని.

ఇది కేవలం తప్పయితే నేను ఇంతసేపు కూర్చోను. మా బంధువుల్లో ఒక అమ్మాయి ఉంది, డిగ్రీ చదువుతోంది. ఆమెకి లూపస్, ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు. పోర్ఫిరియా కూడా కాదు! ఎండలోకి వెళ్ళవద్దని డాక్టర్లు చెప్పారు కాబట్టి మేలో కూడా నిండు చేతుల జాకెట్టు, గొడుగు. ముక్కుకి అటూ ఇటూ బుగ్గల మీద ఎర్రదనం. మొన్న తిరుపతిలో ఒక పెళ్ళిలో భోజనాల బంతి దగ్గర ఒక కుర్రవాడు ఇదే మెసేజి తెరిచి ఫోను ఆమె వైపు తిప్పి, ‘నీ గురించే రాశారు చూడు’ అన్నాడు. చుట్టూ నలుగురు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పప్పు కలుపుకున్న అన్నం అలాగే వదిలి, ఆకు మడిచి లేచింది. వాళ్ళమ్మ ఏమైందని అడిగితే కడుపులో బాగాలేదంది. ‘ఎండంటే భయపడేవాళ్ళు ఉంటే జాగ్రత్త’ అన్న వాక్యం చేసే పని అది. సరదాకి పంపామంటారు, తెలుసు.

ఈ సరదా ఎక్కడి దాకా పోగలదో తెలియాలంటే 1892 నాటి అమెరికా చూడండి. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ఎక్సెటర్ అనే పల్లెలో క్షయతో ఒక కుటుంబం కుటుంబమంతా తుడిచిపెట్టుకుపోతోంది. మెర్సీ బ్రౌన్ అనే పంతొమ్మిదేళ్ళ అమ్మాయి జనవరిలో పోయింది. మార్చిలో ఊరివాళ్ళు సమాధి తవ్వి, చలికి పాడవకుండా ఉన్న శవంలో రక్తం చూసి, ఇదే పిశాచం అని తేల్చి, గుండె తీసి కాల్చారు. ఆ బూడిద నీళ్ళలో కలిపి జబ్బుతో ఉన్న ఆమె అన్నకి మందుగా తాగించారు. రెండు నెలల్లో అతడూ పోయాడు. క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ 1882లోనే కనిపెట్టాడు, లోకానికి తెలుసు, పత్రికల్లో వచ్చింది. ఆ పల్లెకి మాత్రం పొరుగువాడి మాట సరిపోయింది. అంతకు ఎంతో ముందే, 1755లో, ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా తన వైద్యుడి చేత విచారణ జరిపించి, పిశాచాల పేరుతో శవాలు తవ్వడాన్ని నిషేధించింది. వాట్సాప్ లేని రాణి ఆ మాత్రం విచారించగలిగింది.

బావగారూ, ఇంత రాశానని నొచ్చుకోకండి. బేతాళుడు, రాజు, దుప్పటి మీ ఇష్టం, ఎవరికి కావాలంటే వాళ్ళకి పంపుకోండి, ఎవరి బుగ్గా కాలదు. జబ్బు గురించిన ఆ పేరా మాత్రం తీసేయండి. ఇప్పటికే పంపినవాళ్ళకి అది తప్పని మళ్ళీ పంపండి, పదకొండు మందికి మించినా పరవాలేదు. కాలనీ గ్రూపులో నేను చెప్పేశాను. ట్యాంకరు రేపు ఉదయం ఆరింటికట.